రిపోర్టు కంటే ముందు ఫారం చూడండి

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. నాకు 31 ఏళ్లు, మొదటి కాన్పు. నెలసరులు 35-40 రోజులకు వచ్చేవి. ఏడో వారంలో టీఎస్‌హెచ్ 5.1 వచ్చింది. రిపోర్టులో 0.35 నుంచి 5.5 దాకా నార్మల్ అని ఉన్నా డాక్టరమ్మ 25 మైక్రోగ్రాముల థైరాక్సిన్ రాశారు. రెండు వారాలకు వేరే ల్యాబులో చేయిస్తే టీఎస్‌హెచ్ 0.09, ఫ్రీ టీ4 2.4 అని వచ్చాయి. "థైరాయిడ్ ఎక్కువైపోయింది, ఆ మాత్ర ఆపెయ్" అని మా ఆడపడుచు అంటే ఆపేశాను. ఇప్పుడు ఐరన్, కాల్షియం, మూడు నెలల నుంచి వాడుతున్న జుట్టు మాత్ర తప్ప ఇంకేమీ వేసుకోవడం లేదు. ఇంతలో డబుల్ మార్కర్ రక్తపరీక్షలో బిడ్డకు డౌన్ సిండ్రోమ్ (తెలివి, ఎదుగుదల మందగించే పుట్టు లోపం) విషయంలో 'హై రిస్క్, 190లో 1' అని వచ్చింది. ఉమ్మనీరు తీసి పరీక్ష చేయాలంటున్నారు. సూది గుచ్చితే బిడ్డ దక్కదని మా అత్తమ్మ ఏడుస్తోంది. ఆమె మా మేనత్తే, మాది మేనరికం. అందువల్లే ఇలా వచ్చిందా? లేక థైరాయిడ్ వల్లా? రిపోర్టులన్నీ పంపుతున్నాను.

సమాధానం:

రిపోర్టులన్నీ పంపడం మంచిదైంది. మీరు అడిగినవాటికి జవాబు పెద్ద అంకెల్లో లేదు, వాటి చుట్టూ ఉన్న చిన్న అక్షరాల్లో ఉంది. మాటవరసకు రాసినట్టు రాసిన ఆ జుట్టు మాత్ర ఒకటి. డబుల్ మార్కర్ రిపోర్టు పైభాగంలోని మూడు గడులు రెండోది. ఆ గడుల్లో మీ బరువు 54 కిలోలు, గర్భం 13 వారాల 1 రోజు, ఎన్‌టీ (స్కాన్‌లో కొలిచే, బిడ్డ మెడ వెనక నీటి పొర మందం) దగ్గర ఖాళీ. అదే రోజు తీసిన స్కాన్‌లో బిడ్డ పొడవు, అంటే సీఆర్‌ఎల్, 56 మిల్లీమీటర్లు. దాని ప్రకారం గర్భం 12 వారాల 1 రోజు. ఎన్‌టీ 1.4 మిల్లీమీటర్లు, ముక్కు ఎముక కనిపించింది అని కూడా రాసి ఉంది. ఆ రోజు ఓపీ చీటీలో మీ బరువు 66. అంటే '190లో 1' అన్న లెక్క మీది కాదు. మీకంటే 12 కిలోలు తక్కువ బరువుండి, వారం ముందు గర్భం దాల్చిన ఇంకో మనిషి లెక్క మీ పేరు మీద వచ్చింది.

కాబట్టి ఉమ్మనీటి పరీక్ష గురించి ఏడ్చే ముందు రెండు ఫోన్లు చేయండి. ఒకటి మీ డాక్టరుకు: థైరాక్సిన్ ఆపేశానని, జుట్టు మాత్రలో బయోటిన్ అనే విటమిన్ వాడుతున్నానని చెప్పండి. రెండోది డబుల్ మార్కర్ చేసిన ల్యాబుకు: వివరాలు తప్పుపడ్డాయి, సరిచేసి రిస్క్ మళ్లీ లెక్కకట్టమని అడగండి. ఈ రెండింటికీ సూది అక్కర్లేదు.

ముందు థైరాయిడ్ సంగతి. టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోను. గ్రంథి మందగిస్తే అది పెరుగుతుంది, గ్రంథి ఎక్కువ పనిచేస్తే తగ్గుతుంది. టీ4 అంటే ఆ గ్రంథి తయారుచేసే థైరాక్సిన్. ఏడో వారంలో వచ్చిన 5.1 మీద మీ ఇంట్లో గొడవకు కారణం రిపోర్టులో అచ్చయిన 'నార్మల్' పరిధి. అది గర్భం లేని పెద్దవాళ్లది. గర్భం నిలిచాక మాయ తయారుచేసే హెచ్‌సీజీ హార్మోను అచ్చం టీఎస్‌హెచ్ చేసే పనే కొంత చేస్తుంది, థైరాయిడ్ గ్రంథిని తట్టి లేపుతుంది. దాంతో మెదడు కింది పిట్యూటరీ గ్రంథికి పని తగ్గి, టీఎస్‌హెచ్ సహజంగానే దిగుతుంది. హెచ్‌సీజీ ఎక్కువగా ఉండే 8 నుంచి 11 వారాల మధ్య ఈ దిగుడు బాగా కనిపిస్తుంది. అందుకే గర్భిణులకు వేరే గీత గీశారు. మన దేశ ఆరోగ్యశాఖ 2014 మార్గదర్శకాల ప్రకారం మొదటి మూడు నెలల్లో 2.5, తర్వాత 3 దాటకూడదు. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2017లో ఈ గీతను సడలించింది: ఏ ప్రాంతపు గర్భిణులకు ఆ ప్రాంతపు పరిధి వాడాలి, అది లేకపోతే 4 వరకు ఫరవాలేదు అంది. అందుకే 3.2 వచ్చిన గర్భిణికి ఒక డాక్టరు మాత్ర రాసి, ఇంకొకరు వద్దంటే ఇద్దరిలో ఎవరూ తప్పు కాకపోవచ్చు. మీ 5.1 మాత్రం ఏ గీత ప్రకారం చూసినా పైనే ఉంది. డాక్టరమ్మ రాసిన మాత్ర సబబైనదే.

ఆ రోజు చేయాల్సి ఉండి చేయని పరీక్ష ఒకటుంది: టీపీఓ యాంటీబాడీలు. అవి ఉన్నాయంటే మీ శరీరమే థైరాయిడ్ గ్రంథిని మెల్లగా దెబ్బతీస్తోందని అర్థం. అప్పుడు మాత్ర అవసరం ఖాయమవుతుంది, మోతాదు పెంచాల్సి రావచ్చు, కాన్పు తర్వాత ఏడాది దాకా థైరాయిడ్ మీద కన్నేసి ఉంచాలి. ఒక్కసారి చేయిస్తే చాలు.

ఇప్పుడు ఆ 0.09. రెండు వారాల్లో 5.1 నుంచి 0.09కి పడటం 25 మైక్రోగ్రాముల మాత్ర వల్ల అయ్యే పని కాదు. థైరాక్సిన్ రక్తంలో సగానికి తగ్గడానికే వారం పడుతుంది. మోతాదు మార్చాక టీఎస్‌హెచ్ కొత్త మట్టానికి కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. అందుకే రెండు వారాలకే పరీక్ష చేయించడం డబ్బు దండగ. హెచ్‌సీజీ వల్ల కొంత తగ్గి ఉండవచ్చు. అయితే మీ ఫ్రీ టీ4 2.4 ఉంది, ఆ ల్యాబు పై పరిధి 1.7. నిజంగా అంత ఎక్కువుంటే గుండె దడ, చేతుల వణుకు, బరువు తగ్గడం, ఆగని వాంతులు ఏదో ఒకటి కనిపించాలి. అవేవీ మీరు రాయలేదు. మిగిలింది జుట్టు మాత్ర. మీరు పంపిన ఫొటోలో దాని మీద బయోటిన్ 10 మిల్లీగ్రాములు అని ఉంది. మనిషికి రోజుకు కావాల్సింది 30 మైక్రోగ్రాములు. అంటే మీరు వేసుకుంటున్నది 300 రెట్లకు పైనే.

బయోటిన్ థైరాయిడ్‌ను ఏమీ చేయదు, పరీక్ష యంత్రాన్ని మోసం చేస్తుంది. చాలా కంపెనీల యంత్రాలు బయోటిన్‌కూ, స్ట్రెప్టావిడిన్ అనే ప్రొటీనుకూ మధ్య ఉండే గట్టి బంధాన్ని జిగురులా వాడుకుంటాయి. టీఎస్‌హెచ్ పెద్ద అణువు. దాన్ని రెండు యాంటీబాడీల మధ్య బిగించి, ఈ జిగురుతో అంటించి, మిగతాది కడిగేసి, అంటుకున్నది ఎంత వెలుగిస్తుందో కొలుస్తారు. రక్తంలో బయోటిన్ ఎక్కువుంటే జిగురు ఉన్న చోటంతా అదే ఆక్రమిస్తుంది. టీఎస్‌హెచ్ అంటుకోక కడుగులో కొట్టుకుపోతుంది. రిపోర్టులో తక్కువ వస్తుంది. ఫ్రీ టీ4 చిన్న అణువు, దాని పద్ధతి పోటీ పద్ధతి. అక్కడ వెలుగు ఎంత తగ్గితే హార్మోను అంత ఎక్కువ అని లెక్క. కాబట్టి అది ఎక్కువ వస్తుంది. టీఎస్‌హెచ్ తక్కువ, టీ4 ఎక్కువ కలిస్తే అచ్చం గ్రేవ్స్ జబ్బు (థైరాయిడ్ మితిమీరి పనిచేసే జబ్బు) రిపోర్టులా ఉంటుంది. ఇంకా తమాషా ఏమిటంటే, గ్రేవ్స్‌ను నిర్ధారించే టీఆర్ఏబీ పరీక్ష కూడా కొన్ని యంత్రాల్లో పోటీ పద్ధతిదే. అదీ తప్పుగా పాజిటివ్ వచ్చి, లేని జబ్బుకు మూడు సాక్ష్యాలు దొరుకుతాయి.

మీరు చేయాల్సింది ఇది. జుట్టు మాత్ర ఈ రోజే ఆపండి. కనీసం రెండు రోజులు, వీలైతే మూడు రోజులు ఆగి టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, టీపీఓ యాంటీబాడీలు చేయించండి. గర్భిణులకు ఇచ్చే మల్టీవిటమిన్‌లో బయోటిన్ మైక్రోగ్రాముల్లోనే ఉంటుంది, దాన్ని ఆపనక్కర్లేదు. డబ్బా మీద 'ఎంజీ' అని ఉందా, 'ఎంసీజీ' అని ఉందా చూసుకోండి. అంతా అక్కడే ఉంది. బయోటిన్ ఆపాక కూడా టీఎస్‌హెచ్ 0.1 లోపే ఉండి ఫ్రీ టీ4 ఎక్కువే వస్తే అప్పుడు అది నిజం. ఎండోక్రినాలజిస్టుకు చూపించాలి, టీఆర్ఏబీ అప్పుడు చేయించాలి. అప్పుడు కూడా కంగారుగా థైరాయిడ్ తగ్గించే మందులు మొదలుపెట్టరు, ఎందుకంటే హెచ్‌సీజీ వల్ల పెరిగినదైతే వారాలు గడిచేకొద్దీ దానంతటదే తగ్గుతుంది. థైరాక్సిన్ మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరు చెబుతారు. పై విషయం విన్నాక ఎక్కువమంది రిపోర్టు కోసం ఆగకుండా వెంటనే మొదలుపెట్టమనే అంటారు.

రక్తం ఇవ్వడానికి పరగడుపున ఉండి తీరాలని లేదు. కానీ టీఎస్‌హెచ్ తెల్లవారుజామున ఎక్కువగా, మధ్యాహ్నానికి తక్కువగా ఉంటుంది. ఒకసారి ఉదయం 7కి, ఇంకోసారి మధ్యాహ్నం 3కి ఇస్తే రెండు అంకెలనూ పోల్చలేం. ఎప్పుడూ ఒకే ల్యాబు, దాదాపు ఒకే సమయం పాటించండి. ఆ రోజు మాత్ర రక్తం ఇచ్చాక వేసుకోండి. ముందే వేసుకుంటే కొన్ని గంటలపాటు ఫ్రీ టీ4 కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. ఇంకో మాట: 'థైరాయిడ్ ప్రొఫైల్' పేరుతో ల్యాబులు అమ్మేది ఎక్కువగా టోటల్ టీ3, టోటల్ టీ4. గర్భంలో ఈస్ట్రోజెన్ వల్ల ఆ హార్మోన్లను మోసే ప్రొటీను పెరిగి, 16వ వారానికి టోటల్ టీ4 మామూలు కంటే ఒకటిన్నర రెట్లు ఉంటుంది. పక్కన 'హై' అని అచ్చు పడుతుంది. అది జబ్బు కాదు. ప్యాకేజీ వద్దని, టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 విడిగా చేయమని అడగండి. యూనిట్లు కూడా చూసుకోండి. టీఎస్‌హెచ్‌కు ల్యాబులు వాడే రెండు రకాల యూనిట్లలోనూ అంకె ఒకటే. ఫ్రీ టీ4కి అలా కాదు: నానోగ్రాముల్లో 1.2 ఉన్నది పికోమోల్స్‌లో దాదాపు 15.4 అవుతుంది. ల్యాబు మారినప్పుడు "టీ4 పదిరెట్లు పెరిగింది" అని బెంబేలెత్తేవాళ్ల కథ ఇదే.

మాత్ర మళ్లీ మొదలుపెట్టాక వేసుకునే తీరు సరిగా లేకపోతే మోతాదు ఎంత పెంచినా లాభం ఉండదు. ఐరన్, కాల్షియం పేగుల్లో థైరాక్సిన్‌ను పట్టేసుకుంటాయి. వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం కావాలి. ఐరన్‌కూ కాల్షియానికీ మధ్య కూడా రెండు గంటల ఎడం ఉండాలి. సర్కారు దవాఖానా నుంచి ఇచ్చే రెండు కాల్షియం మాత్రలు, ఒక ఎర్ర ఐరన్ మాత్ర లెక్కేస్తే రోజు ఇలా సర్దుకోవచ్చు: ఉదయం 6కి మంచినీళ్లతో థైరాక్సిన్, 7కి కాఫీ, టిఫిన్. 11కి నిమ్మరసంతో ఐరన్. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు అన్నం తిన్నాక ఒక కాల్షియం, రాత్రి భోజనం తర్వాత ఇంకొకటి. ఐరన్‌కు కడుపులో తిప్పితే దాన్ని రాత్రి పడుకునే ముందుకు మార్చి, కాల్షియానికి రెండు గంటలు దూరం పెట్టండి. పొద్దున్నే వాంతులైతే థైరాక్సిన్‌నే రాత్రికి మార్చుకోవచ్చు, భోజనమై మూడు గంటలు గడిచాక. అప్పుడు రాత్రి కాల్షియాన్ని సాయంత్రం పెందలాడే వేసుకోవాలి. సీసాను వంటింట్లో పొయ్యి పక్కన, ఎండ తగిలే కిటికీలో పెట్టొద్దు. వేడికి, వెలుతురికి, తేమకు ఆ మందు చెడుతుంది. వారం మాత్రలు తీసి ప్లాస్టిక్ డబ్బీలో పోసుకునే అలవాటుంటే మానండి.

20వ వారం దాకా నాలుగు వారాలకోసారి, తర్వాత 30వ వారం దగ్గర ఒకసారి టీఎస్‌హెచ్ చూస్తే సరిపోతుంది. అయోడిన్ ఉప్పు మానకండి. ఆరోగ్యం పేరుతో వంటకు రాతి ఉప్పు, గులాబీ ఉప్పు వాడటం మొదలుపెట్టి ఉంటే ఈ తొమ్మిది నెలలూ పక్కన పెట్టండి. గర్భిణికి రోజుకు 250 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి, అది ఆ ఉప్పుల్లో రాదు.

కొన్ని వారాలు మాత్ర ఆపినందుకు బిడ్డ మెదడుకు ఏమవుతుందోనన్న భయం మీ ఉత్తరంలో మాట రూపంలో లేకపోయినా కనిపిస్తోంది. బిడ్డ థైరాయిడ్ 12వ వారం నుంచి పని మొదలుపెట్టి, 18-20 వారాలకు గాని పూర్తిగా అందుకోదు. అంతవరకు తల్లి టీ4 మీదే ఆధారం. తల్లికి టీ4 నిజంగానే బాగా తగ్గితే బిడ్డకు నష్టం ఉంటుంది, అందులో అనుమానం లేదు. కానీ టీఎస్‌హెచ్ కొద్దిగా పెరిగిన తల్లులకు మందు ఇచ్చి, ఇవ్వకుండా పోల్చి పిల్లల తెలివితేటలు కొలిచిన రెండు పెద్ద అధ్యయనాలు 2012లో బ్రిటన్, ఇటలీల నుంచి, 2017లో అమెరికా నుంచి వచ్చాయి. రెండింట్లోనూ తేడా కనిపించలేదు. ఆ అధ్యయనాల్లో మందు కాస్త ఆలస్యంగా మొదలుపెట్టారన్న విమర్శ ఉంది, అది సబబే. అయినా 5.1 దగ్గర కొన్ని వారాల ఆలస్యం గురించి నిద్ర మానుకోనక్కర్లేదని చెప్పడానికి అవి చాలు.

ఇక డబుల్ మార్కర్. ఇందులో రక్తంలోని రెండు పదార్థాలు కొలుస్తారు, ఫ్రీ బీటా హెచ్‌సీజీ, పాప్-ఏ. డౌన్ సిండ్రోమ్ ఉన్న గర్భాల్లో మొదటిది సగటున రెండు రెట్లు ఉంటుంది, రెండోది సగానికి తగ్గుతుంది. 'సగటు' అంటే మీలాంటి బరువుతో, అదే గర్భ వయసులో ఉన్న మామూలు గర్భిణుల్లో సరిగ్గా నడుమన ఉండే విలువ. మీ విలువను దాంతో భాగించగా వచ్చేదే రిపోర్టులో ఎంఓఎం. మీ ఎంఓఎంలు హెచ్‌సీజీకి 1.6, పాప్-ఏకి 0.42.

భాగించే అంకె తప్పయితే ఏమవుతుందో చూడండి. ఈ వారాల్లో పాప్-ఏ వేగంగా పెరుగుతుంది, వారంలోనే దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. 12 వారాల రక్తాన్ని 13 వారాలదిగా లెక్కేస్తే మీ పాప్-ఏ ఉండాల్సిన దానికంటే చాలా తక్కువగా కనిపిస్తుంది. హెచ్‌సీజీ ఈ సమయంలో దిగుతూ ఉంటుంది. అదే పొరపాటు వల్ల అది ఎక్కువగా కనిపిస్తుంది. రెండు తప్పులూ డౌన్ వైపే తోస్తాయి. బరువు సంగతి: ఒళ్లు ఉన్న మనిషిలో రక్తం ఎక్కువ, మాయ నుంచి వచ్చే పదార్థాలు అందులో పలచబడతాయి. 66 కిలోల మీకు 54 కిలోల మనిషికి ఉండాల్సిన విలువ ఆశిస్తే, పాప్-ఏ మళ్లీ తక్కువగా తేలుతుంది. బరువు సరిచేస్తే హెచ్‌సీజీ ఎంఓఎం కూడా కొంచెం పెరుగుతుంది గాని, మొత్తం మీద మొగ్గు మీకు అనుకూలంగానే ఉంటుంది. వీటికి తోడు మామూలుగా ఉన్న ఎన్‌టీని లెక్కలో చేర్చనేలేదు. ఒంటరి డబుల్ మార్కర్ వందలో అరవై, అరవై అయిదు డౌన్ గర్భాలను పట్టుకుంటే, ఎన్‌టీతో కలిపినది 85 నుంచి 90 దాకా పట్టుకుంటుంది.

ఈ తప్పులు ఎక్కడ జరుగుతాయో కూడా తెలుసుకోవడం మంచిది. స్కాన్ రిపోర్టులో మొదటి వరసలో నెలసరి ప్రకారం వయసు, కింద కొలతల ప్రకారం వయసు రెండూ ఉంటాయి. ఫారం నింపేవాళ్లు పై వరస రాసేస్తారు. మీ నెలసరులు 35-40 రోజులకు వస్తాయని రాశారు. ఆ తేదీ నుంచి లెక్కేస్తే వారం ముందుకు జరగడం వింతేమీ కాదు. బరువు ఆ రోజు తూచకుండా పాత చీటీలోంచి ఎక్కిస్తారు. ఎన్‌టీ ఉన్న రెండో పేజీ ఇంటి దగ్గరే ఉండిపోతుంది. ఇంకొకటి మన దగ్గర ప్రత్యేకంగా ఉంది: పుట్టినతేదీ. బళ్లో చేర్పించేటప్పుడు వేయించిన తేదీ, అసలు తేదీ వేరైతే ఫారంలో అసలుది రాయాలి. ఆధార్‌తో సరిపోలాలన్న పట్టింపు ఇక్కడ అనవసరం, లెక్కకు కావాల్సింది మీ నిజమైన వయసు. కవలలా, ఐవీఎఫ్ గర్భమా, షుగరుకు ఇన్సులిన్ వాడుతున్నారా, ఇంతకుముందు డౌన్ బిడ్డ పుట్టిందా అన్నవి కూడా లెక్కను మారుస్తాయి.

ల్యాబుకు ఫోన్ చేసి ఇలా అడగండి: "స్కాన్ తేదీ, సీఆర్‌ఎల్ 56, ఎన్‌టీ 1.4, ముక్కు ఎముక ఉంది, రక్తం ఇచ్చిన రోజు బరువు 66. వీటితో రిస్క్ మళ్లీ లెక్కకట్టి, సవరించిన రిపోర్టు ఇవ్వండి." రక్తం మళ్లీ ఇవ్వనక్కర్లేదు, కొలిచిన విలువలు వాళ్ల దగ్గరే ఉంటాయి. సీఆర్‌ఎల్ 45 నుంచి 84 మిల్లీమీటర్ల మధ్య ఉంటేనే ఈ లెక్క చెల్లుతుంది, మీది ఉంది. ఒక్కటి అదనంగా అడగండి: మీ యంత్రం బయోటిన్ జిగురు వాడుతుందా? ఆ రోజు మీరు జుట్టు మాత్ర వాడుతూనే ఉన్నారు. ఈ రెండు పరీక్షలూ టీఎస్‌హెచ్‌లా 'బిగించే' పద్ధతివే కాబట్టి, కొన్ని యంత్రాల్లో రెండూ తక్కువగా రావచ్చు. అలాంటి యంత్రమైతే ఆ రక్తంతో కట్టిన లెక్కను, సవరించినదైనా, నమ్మలేం. అప్పుడు నేరుగా ఎన్‌ఐపీటీకి, అంటే తల్లి రక్తంలోని డీఎన్ఏ చూసే పరీక్షకు, వెళ్లడం మంచిది.

సవరించాక ఎంత వస్తుందో ముందే చెప్పలేం. ఏ అంకె వచ్చినా చదివే తీరు ఒకటే. '190లో 1' అంటే ఇలాంటి రిపోర్టు వచ్చిన 190 మంది తల్లుల్లో 189 మంది బిడ్డలకు డౌన్ లేదు అని. వందకు అర కంటే కాస్త ఎక్కువ. 'హై రిస్క్' అన్న ఎర్ర అక్షరాలు చాలా ల్యాబుల్లో 250లో 1 దగ్గర మొదలవుతాయి. అది ఇంకో పరీక్ష చేయాలా వద్దా తేల్చుకోవడానికి గీసిన గీత. పోల్చుకోవడానికి: వయసును బట్టి మాత్రమే చూస్తే డౌన్ బిడ్డ పుట్టే అవకాశం 30 ఏళ్లకు సుమారు 900లో 1, 35కి 350లో 1, 40కి 100లో 1.

కొత్త లెక్క వెయ్యిలో 1 కంటే తక్కువ అవకాశం చూపిస్తే ఇక్కడితో ఆగి టిఫా స్కాన్‌కు (బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్) వెళ్లొచ్చు. 250కీ వెయ్యికీ మధ్య వస్తే ఎన్‌ఐపీటీ సరైన మెట్టు. 250లో 1 కంటే ఎక్కువ రిస్కే వస్తే ఎన్‌ఐపీటీ, ఉమ్మనీటి పరీక్ష రెండూ మీ ముందుంటాయి. మనసు ఊరుకోక ఇంకో ల్యాబులో డబుల్ మార్కర్, నెల తర్వాత నాలుగు పదార్థాలు కొలిచే క్వాడ్రపుల్ మార్కర్ అంటూ మంచి అంకె వచ్చేదాకా తిరగడం మాత్రం వద్దు. తక్కువ పట్టుకునే పరీక్షతో ఎక్కువ పట్టుకునే పరీక్షను కొట్టిపారేయలేం. డబ్బు పోతుంది, అంతకంటే విలువైన వారాలు పోతాయి.

ఎన్‌ఐపీటీ అంటే తల్లి రక్తంలో తిరిగే మాయ డీఎన్ఏ ముక్కలను లెక్కించడం. పదో వారం నుంచి చేయొచ్చు, మామూలు రక్తం ఇచ్చినట్టే, ప్రత్యేకమైన ట్యూబులో 10 మిల్లీలీటర్లు తీస్తారు. డౌన్ ఉన్నవాటిలో వందకు 99 పట్టుకుంటుంది. తప్పుడు పాజిటివ్‌లు వెయ్యికి ఒకటి. 'తొంభై తొమ్మిది శాతం కచ్చితం' అని కరపత్రంలో రాసేది ఇదే. కానీ పాజిటివ్ వస్తే బిడ్డకు 99 శాతం డౌన్ ఉన్నట్టు కాదు. వెయ్యిలో 1 రిస్క్ ఉన్న పదివేల మంది తల్లులను తీసుకోండి. పదిమంది బిడ్డలకు డౌన్ ఉంటుంది, దాదాపు అందరూ పట్టుబడతారు. మిగతా 9,990లో వెయ్యికి ఒకటి చొప్పున మరో పదిమందికి తప్పుగా పాజిటివ్ వస్తుంది. అంటే పాజిటివ్ వచ్చిన ఇరవై మందిలో పదిమందికి ఏమీ లేదు. ఎన్‌ఐపీటీ పాజిటివ్ వచ్చిందని నేరుగా గర్భం తీయించుకోకూడదు, ఉమ్మనీటితో నిర్ధారించుకోవాలి. నెగెటివ్ వస్తే మాత్రం గట్టి భరోసా. బరువు ఎక్కువున్నవాళ్లలో ఒక్కోసారి బిడ్డ డీఎన్ఏ వాటా చాలక ఫలితమే రాదు, మళ్లీ రక్తం అడుగుతారు.

మీ అత్తమ్మ భయం పాత రోజుల నుంచి వచ్చింది, తోసిపుచ్చాల్సింది కాదు. ఉమ్మనీటి పరీక్ష 15 వారాలు నిండాక చేస్తారు. స్కాన్ తెర మీద బిడ్డను చూస్తూ, సన్నని సూదితో 15-20 మిల్లీలీటర్లు తీస్తారు. బిడ్డను సూది తాకదు, మత్తు ఇవ్వరు, గంట రెండు గంటల్లో ఇంటికి వెళ్లొచ్చు. దీనివల్ల అదనంగా గర్భం పోయే ప్రమాదం అనుభవమున్న చేతుల్లో 200లో 1 కంటే తక్కువ. సున్నా కాదు. అందుకే ఎన్‌టీ 3.5 దాటితేనో, స్కాన్‌లో లోపం కనిపిస్తేనో ముందే దీనికి వెళతారు. మీలాంటి సందర్భంలో లెక్క సరిచేశాకే ఆలోచిస్తారు. మీ బ్లడ్ గ్రూపు నెగెటివ్ అయితే తర్వాత యాంటీ-డి ఇంజెక్షన్ మరవొద్దు. నీరు కారడం, రక్తం, జ్వరం, ఆగని నొప్పి ఉంటే రాత్రయినా వెళ్లాలి. త్వరగా తెలిసే పరీక్షలో రెండు మూడు రోజుల్లో డౌన్ ఉందో లేదో చెబుతారు, పూర్తి క్రోమోజోముల చిత్రానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈ పరీక్షకు 1994 నాటి లింగనిర్ధారణ నిరోధక చట్టం కింద రిజిస్టరైన కేంద్రంలో, ఫారం-జీ మీద మీ సంతకంతోనే వెళ్లాలి. ఆడో మగో ఏ పరీక్షలోనూ చెప్పరు, అడగకూడదు.

సవరణ తర్వాత కూడా పాప్-ఏ 0.4 దగ్గరే ఉంటే దానికి ఇంకో అర్థం ఉంది: మాయ బలహీనంగా ఉండి బీపీ పెరగడం, బిడ్డ ఎదుగుదల తగ్గడం. బీపీ పెరగకుండా ఆస్పిరిన్ అవసరమా అన్నది 16 వారాల లోపే తేల్చుకోవాలి, ఆ తర్వాత మొదలుపెడితే లాభం తగ్గుతుంది. ఈ ప్రశ్న మీ అంతట మీరే డాక్టరును అడగండి, డౌన్ గొడవలో ఇది చాలాసార్లు మరుగున పడుతుంది.

ఇక మేనరికం. డౌన్ సిండ్రోమ్‌కు మేనరికం కారణం కాదు, తల్లి థైరాయిడూ కాదు. 21వ క్రోమోజోము ఒకటి అదనంగా రావడం ఎక్కువగా అండం తయారయ్యేటప్పుడు జరిగే పొరపాటు, అది తల్లి వయసుతో పెరుగుతుంది. కాబట్టి మీ ఇద్దరి పెళ్లి కుదిర్చినందుకు మీ మేనత్త తనను తాను నిందించుకోనక్కర్లేదు. అయితే మేనరికంలో నిజంగా పెరిగే ముప్పు వేరే ఉంది, దాన్ని డబుల్ మార్కర్ గానీ ఎన్‌ఐపీటీ గానీ చూడనే చూడవు. ఒకే తాత నుంచి ఇద్దరికీ వచ్చిన లోపమున్న జన్యువు బిడ్డలో జతపడటం: తలసీమియా, పుట్టు చెవుడు, కొన్ని కండరాల, జీవక్రియల జబ్బులు. మామూలుగా వందలో రెండు మూడు కాన్పుల్లో ఏదో ఒక పుట్టు లోపం ఉంటే, అత్త మామ బిడ్డల పెళ్లిళ్లలో అది దాదాపు రెట్టింపు. ఇప్పటికీ వందలో తొంభై నాలుగైదు మంది మామూలు బిడ్డలే. మీ ఇద్దరూ సీబీపీతో పాటు హెచ్‌బీఏ2 పరీక్ష చేయించుకోండి. తలసీమియా వాహకులెవరో అందులో తెలుస్తుంది. రెండు వైపులా చిన్నప్పుడే పోయిన పిల్లలు, మాటరాని, నడవలేని పిల్లలు ఎవరైనా ఉన్నారా అని మీ అత్తమ్మనే కూర్చోబెట్టి అడిగి, కాగితం మీద వంశవృక్షం గీయండి. ఎవరైనా ఉంటే హైదరాబాద్ నిమ్స్‌లోని మెడికల్ జెనెటిక్స్ విభాగంలో చూపించుకోండి. ఉన్నా లేకపోయినా 18 నుంచి 20 వారాల మధ్య మంచి టిఫా స్కాన్ తప్పనిసరి. దాన్ని 22 దాకా సాగదీయకండి. ఏదైనా తీవ్రమైన లోపం కనిపిస్తే నిర్ధారణకు, ఆలోచనకు సమయం కావాలి. గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం 24 వారాలు దాటాక గర్భం తీయించుకోవాలంటే మెడికల్ బోర్డు అనుమతి ఉండాలి.

కాన్పు అయ్యాక రెండు పనులు. గర్భంలో మొదలైన చిన్న మోతాదు కాబట్టి మీ మాత్ర అప్పుడు ఆపే వీలుండవచ్చు, కానీ ఆపినా ఆపకపోయినా ఆరు వారాలకు మీ టీఎస్‌హెచ్ చూడాలి. బిడ్డకు 48 గంటలు నిండాక, డిశ్చార్జికి ముందు, మడమ నుంచి రక్తం తీసి టీఎస్‌హెచ్ చేయమనండి. పుట్టిన వెంటనే తీస్తే అది సహజంగానే చాలా ఎక్కువగా ఉంటుంది, మళ్లీ ఇదే కంగారు మొదలవుతుంది. ఆ కాగితం మీద రక్తం తీసిన తేదీ, గంట రాయించుకోండి.